జుగ్సలాయి: స్త్రీల స్థితిగతులు, సమానత్వ చరిత్ర

జుగ్సలాయి ఝార్ఖండ్ రాష్ట్రమున, తూర్పు సింగ్‌భూమ్ జిల్లాయందు, జంషెడ్‌పూర్ నగరమునకు అంగమై, టాటానగర్ రైల్వే స్టేషనునకు చేరువనున్న పురపాలక పట్టణము. ఉక్కు కర్మాగారము నాశ్రయించి పెరిగిన ఈ ప్రాంతమున స్త్రీల చరిత్రకు ఒక విలక్షణత కలదు: వారి శ్రమకు ఆదినుండియు తావు దొరకెను గాని, ఆ శ్రమకు తగిన అధికారము దొరకుటకు ఇంచుమించు ఒక శతాబ్దము పట్టెను.

శ్రమయు శాసనములును: 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ 1912లో ఉక్కును ఉత్పత్తి చేయనారంభించెను. కర్మాగార నిర్మాణమున మట్టి మోసి, ఇటుకలెత్తిన కూలీలలో ‘రేజా’లని పిలువబడు స్త్రీలు పెక్కుమంది యుండిరి. బెంగాల్-నాగపూర్ రైలుమార్గము వెంబడి ఉత్తర కోస్తా మండలములనుండి తెలుగు కుటుంబములును ఉపాధికై ఇచటికి వలస వచ్చినవి. 1961 నాటి కేంద్ర ప్రసూతి చట్టమునకు 33 ఏండ్లు ముందుగానే, 1928లో, ఈ సంస్థ ప్రసూతి సౌకర్యమును కల్పించెను. అయితే, స్త్రీని కాపాడవలెనను ఉద్దేశముతో వెలువడిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము రాత్రి 7 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆమెను కర్మాగారమునకు దూరము చేయగా, 1952 నాటి గనుల చట్టము భూగర్భమునందలి పనిని నిషేధించెను. మార్గములను, పనిచోట్లను సురక్షితము చేయుటకు మారుగా స్త్రీనే వెలుపల నిలిపిన ఈ విధానము, యంత్రములపై జరుగు మెరుగైన ఉద్యోగములను పురుషులకే విడిచిపెట్టెను.

ఓటును ఆస్తియు: ఆ తెలుగు కుటుంబముల స్వస్థలము చేరియున్న మద్రాసు రాష్ట్రపు శాసనసభ 1921లోనే స్త్రీలకు ఓటు హక్కు నొసగగా, సింగ్‌భూమ్ చేరియున్న బీహారు-ఒరిస్సా రాష్ట్రమున అది 1929లో సిద్ధించెను. ఆస్తి విషయమున అంతరము మరింత దీర్ఘము. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలగు కుమార్తెలకు అవిభక్త కుటుంబపు ఆస్తిలో జన్మతః హక్కు లభించెను. జంషెడ్‌పూర్ ప్రాంతపు హిందూ కుమార్తెలకు అది 2005 నాటి కేంద్ర సవరణతో గాని రాలేదు. 1908 నాటి ఛోటానాగపూర్ కౌలు చట్టము ఆదివాసుల భూమిని పురుష సంతతికే పరిమితము చేయగా, ‘మానుషి’ పత్రిక సంపాదకురాలు మధు కిష్వర్‌తో కలసి సింగ్‌భూమ్ ఆదివాసీ స్త్రీలు 1982లో సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 1996 ఏప్రిల్ 17న న్యాయస్థానము ఆ నిబంధనలను కొట్టివేయకున్నను, మృతుని భూమిపై ఆధారపడిన స్త్రీలు దానిని తమ జీవనోపాధికై నిలుపుకొనవచ్చునని తీర్పు చెప్పెను.

భూమికై వితంతువును మంత్రగత్తెయని నిందించి వెడలగొట్టు దురాచారము ఈ ప్రశ్నకు సంబంధించినదే. దానిని అరికట్టుటకు, అప్పటికి ఈ ప్రాంతము చేరియున్న బీహారు 1999లో ప్రత్యేక శాసనము చేసెను. అట్టి హింసకు తానే గురియై, పెక్కుమంది బాధితులకు అండగా నిలిచిన పొరుగు సరాయికేలా-ఖర్‌సావాన్ జిల్లా వాసి ఛుట్నీ మహతో 2021లో పద్మశ్రీ పురస్కారమునకు ఎంపికయ్యెను.

శిఖరారోహణము: 1984 మే 23న ఎవరెస్టు నధిరోహించిన ప్రథమ భారతీయ మహిళ బచేంద్రీ పాల్ జంషెడ్‌పూర్‌లో సాహసక్రీడా సంస్థకు సారథ్యము వహించి స్త్రీలను తీర్చిదిద్దెను. ఆమె శిష్యురాలును, జుగ్సలాయి మార్వాడీ కుటుంబపు కోడలును, ఇద్దరు కుమార్తెల తల్లియునగు ప్రేమలతా అగర్వాల్ 2011 మే 20న ఎవరెస్టు నెక్కి, 2013లో ఏడు ఖండముల మహోన్నత శిఖరములను అధిరోహించిన తొలి భారతీయ మహిళయై, అదే ఏడు పద్మశ్రీ బిరుదు నందెను. గృహిణికి వయసు, సంసారము హద్దులని తలచిన వర్తక సమాజమున ఇది అసామాన్య ఘటన.

వర్తమాన దశ: 21వ శతాబ్ది ఆరంభమున ‘తేజస్విని’ పథకముచే ఉక్కు సంస్థలోని స్త్రీ కార్మికులు భారీ వాహనములను నడుప నేర్చిరి. 2019లో కేంద్రము గనుల నిబంధనలను సడలింపగా, ఆ ఏడే ఆ సంస్థకు చెందిన నోవాముండి ఇనుప గనిలో స్త్రీలు అన్ని షిఫ్టులలో పనిచేయనారంభించిరి. 2010 పంచాయతీ ఎన్నికలనుండి ఝార్ఖండ్‌లో సగము స్థానములు వారికే కేటాయింపబడినవి. అయినను నిర్మాణ స్థలములలో దినకూలికై తట్టలు మోయు రేజాకు ఈ సౌకర్యము లేవియు పూర్తిగా చేరలేదు. యంత్రము నడుపు స్త్రీకి దక్కిన గౌరవము ఇటుక మోయు స్త్రీకిని దక్కవలసియున్నది. అంతవరకు ఈ సమానత్వము అసంపూర్ణమే యగును.