దత్తమండలాల నాటి చదరంగ సమస్యలు

చదరంగ సమస్య అంటే పావులను ముందే అమర్చి, ఇన్ని ఎత్తుల్లో రాజును కట్టాలని షరతు పెట్టే ప్రశ్న. దానికి మేలైన పరిష్కారం ఏదన్న వాదం తేలాలంటే, ఆట ఏ నియమాల మీద నడుస్తోందో ముందు తేలాలి. టిప్పు పాలన నుంచి నిజాం చేతికి, అక్కడి నుంచి 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కుంపిణీకి మారిన రాయదుర్గం, చదరంగాన్ని ఆదరించిన మైసూరుకు సరిహద్దు సీమ. అలా పాలన చేతులు మారిన ఆ కాలపు దేశవాళీ ఆటలో బంటు తొలి ఎత్తులోనైనా ఒక్క గడే కదిలేది, చివరి వరుస చేరాక సాధారణంగా ఆ నిలువు వరుసకు చెందిన పావుగా మారేది, రాజు ఒకసారి గుర్రంలా దూకగలిగేవాడు. బంటుతో ఆటకట్టించడం గొప్పగా ఎంచబడేది గనుక, తక్కువ ఎత్తుల పరిష్కారమే మేలైనదని అందరూ ఒప్పుకొనేవారు కారు.

తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృతంలోని సమస్యలను ఇంగ్లీషులోకి మార్చి 1814లో బొంబాయిలో అచ్చువేయించిన గ్రంథం, ఐరోపా ఆటతీరుకు అనువుగా మలచినదని తన శీర్షికలోనే చెప్పుకొంది. నియమం మారితే పాత జవాబు చెల్లకపోవచ్చు గనుక ఆ మార్పు తప్పనిసరి అయింది. మైసూరు పాలకుడు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868) మక్కువ చూపిన గుర్రపు నడకల్లో, అంటే గుర్రం ప్రతి గడిని ఒక్కసారే తొక్కుతూ 64 గడులూ చుట్టే అమరికల్లో, జవాబులు లెక్కలేనన్ని. అందుకే అడ్డ, నిలువు వరుసలలో ప్రతి వరుస మొత్తమూ 260 కావాలన్న అదనపు షరతు మేలైనదాన్ని వేరుచేసే గీటురాయి అయింది.

1845లో ఢిల్లీలోని మతాధికారి హెన్రీ లవ్‌డే ‘శాగిర్దు’ అన్న మారుపేరుతో లండన్ పత్రికకు పంపిన సమస్య వాదాన్ని మరోవైపు మళ్లించింది. కర్ణరేఖలో నడిచే శకటును వెనక్కి లాగి, దాని దారికి ఏనుగును అడ్డం నిలిపి, ఎదుటి రాజుకు కదిలే చోటిచ్చి, తర్వాత ఏనుగును తప్పించి రాజును కట్టే ఆ యుక్తి ఎందరికో అంతుపట్టలేదు. అయితే అదే యుక్తి ఒకటికి మించిన ఎత్తుల క్రమాల్లో సాగడం ఆ కూర్పుకు లోపంగా మిగిలింది. నియమాలు వేరైనప్పుడు పరిష్కర్తల మధ్య నడిచిన తగవు, నియమాలు ఒకటైనాక సమస్యను కట్టినవాడి మీదికి మళ్లి, పరిష్కారానికి తొలి ఎత్తు ఒక్కటే ఉండాలన్న బాధ్యతను అతనిపై మోపింది.