కాందిశీకుల పిల్లలు, వాళ్ల పేర్లు

తెలుగులో ‘కాందిశీకుడు’ అని ఒక పాత మాట ఉంది. ‘ఏ దిక్కుకు పోను?’ అన్న సంస్కృత ప్రశ్న నుంచి ఆ మాట పుట్టిందని వ్యుత్పత్తి చెప్తారు. ‘శరణార్థి’ అన్నప్పుడు ఎక్కడో ఒక నీడ ఉందనీ, దాన్ని అడగడానికి మనిషి బయలుదేరాడనీ అర్థమవుతుంది. ‘కాందిశీకుడు’లో ఆ నీడ ఇంకా కనపడలేదు. నడిదారిలో నిలబడి నాలుగు దిక్కులూ చూస్తున్న మనిషి మాత్రమే ఉన్నాడు. ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఒక పిల్లో పిల్లాడో ఉంటే, ఆ ప్రశ్న ఆ పసివాళ్లకు ఎలా వినిపిస్తుంది? కొంతకాలంగా నేను చదువుతున్న కొన్ని బాలల పుస్తకాలు ఈ ప్రశ్నకు జవాబు వెతికినవే. వాటిని చదువుతూ ఉంటే మన చరిత్రలోని మూడు ప్రయాణాలు పదేపదే గుర్తొచ్చాయి. ఈ వ్యాసం ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే ప్రయత్నం.

ముందుగా జుడిత్ కెర్. 1923లో బెర్లిన్‌లో పుట్టిన ఈమె తండ్రి ఆల్ఫ్రెడ్ కెర్ పేరుమోసిన నాటక విమర్శకుడు, యూదుడు, నాజీలను బాహాటంగా ఎదిరించినవాడు. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చిన కొద్ది వారాలకే ఆ కుటుంబం జర్మనీ విడిచిపెట్టింది. ఆ ఏడాది మే నెలలో నాజీలు తగలబెట్టిన పుస్తకాల్లో ఆయనవీ ఉన్నాయి. స్విట్జర్లాండు, పారిస్, చివరికి 1936లో లండన్. తొమ్మిదేళ్ల వయసులో బయలుదేరిన ఆ పిల్ల, 1971లో ‘వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్’ అనే నవల రాసింది. అందులో అన్నా అనే పాపకు తనతో ఒక్క బొమ్మనే తీసుకెళ్లే వీలుంటుంది. కొత్తగా కొన్న కుక్కబొమ్మను ఎంచుకుని, ఎన్నేళ్లుగానో తన పక్కలో పడుకున్న గులాబీరంగు కుందేలును ఇంట్లో వదిలేస్తుంది. త్వరలోనే తిరిగి వస్తామనే కదా ఆమె ధీమా. ఆ ఇల్లూ కుందేలూ నాజీల చేతికి పోయాయి. రాజ్యం చేసే దౌర్జన్యం ఎంతటిదో పిల్లల కొలతలో చెప్పడానికి అంతకంటే చిన్న వస్తువు, అంతకంటే సరిపోయే వస్తువు దొరకదేమో.

ఆ నవలలో నన్ను పట్టుకున్న సంగతి మరొకటి ఉంది. గొప్పవాళ్లందరికీ బాల్యం కష్టంగానే గడిచిందని అన్నా ఒక పుస్తకంలో చదువుతుంది. తనది కష్టమైన బాల్యం కాదే, మరి తాను గొప్పదాన్ని ఎలా అవుతాననేది ఆ పిల్ల దిగులు. మూడు దేశాలు తిరిగి, రెండు కొత్త భాషలు నేర్చుకోవలసి వచ్చినా, చివరికి కూడా తనది కష్టమైన బాల్యమని ఆమెకు అనిపించదు. కారణం, నలుగురూ కలిసే ఉన్నారు.

వైద్యుడిగా ఈ ముగింపు దగ్గర ఆగక తప్పదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లో హాంప్‌స్టెడ్ వార్ నర్సరీలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ ఇంచుమించు ఇదే మాట చెప్పారు. బాంబుల మోత కంటే తల్లి నుంచి విడిపోవడమే పసివాళ్లను ఎక్కువగా కుంగదీసిందని వారు గమనించారు. అన్నా ఫ్రాయిడ్ కూడా 1938లో తండ్రితో పాటు వియన్నా వదిలి లండన్ చేరిన కాందిశీకురాలే. ఆ తరవాత హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల తరబడి పరిశీలించింది. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల జబ్బులు వంటి పలు కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ల జీవితాల్లో తరచుగా కనిపించిన అంశాల్లో ఒకటి, వాళ్లను పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరు ఉండటం. అమ్మమ్మ కావచ్చు, పంతులమ్మ కావచ్చు, పక్కింటివాళ్లు కావచ్చు.

మనవాళ్లు దీన్నే దిటవు అన్నారు, నిబ్బరం అన్నారు. అయితే ‘పిల్లలు తట్టుకుంటారులే’ అన్న మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. అది సగమే నిజం. పిల్లలు తమంతట తాము తట్టుకోరు. ఎవరో ఒకరు పట్టుకుంటే తట్టుకుంటారు. పట్టుకోవలసినవాళ్లు తమ బాధ్యత వదిలేసి పిల్లల నిబ్బరాన్ని మెచ్చుకుంటూ కూర్చోవడం ఒక రకమైన క్రూరత్వం. మంచి బాలల పుస్తకానికీ చెడ్డదానికీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. చెడ్డ పుస్తకం పిల్లవాడి ధైర్యాన్ని పొగిడి ఊరుకుంటుంది. మంచి పుస్తకం ఆ పిల్లవాడి చెయ్యి ఎవరు పట్టుకున్నారో కూడా చూపిస్తుంది.

పట్టుకోవడంలో మొదటి మెట్టు పేరు పెట్టి పిలవడం. మైకేల్ బాండ్ 1958లో సృష్టించిన పాడింగ్టన్ అనే ఎలుగుబంటి పిల్ల గురించి తెలియని పిల్లలు తక్కువ. పెరూ నుంచి ఓడలో దొంగచాటుగా వచ్చి, మెడలో చీటీ కట్టుకుని లండన్ రైల్వే స్టేషన్‌లో కూర్చున్న ఎలుగు అది. యుద్ధకాలంలో మెడలో చీటీలతో, చేతిలో చిన్న పెట్టెలతో ఊళ్లు దాటిన పిల్లల జ్ఞాపకమే ఆ బొమ్మకు మూలమని బాండ్ చెప్పాడు. 1938 డిసెంబరు నుంచి యుద్ధం మొదలయ్యేదాకా నాజీల చేతిలోని దేశాల నుంచి దాదాపు 10,000 మంది పిల్లలు, ఎక్కువమంది యూదులే, తల్లిదండ్రులు లేకుండా బ్రిటన్ చేరారు. వాళ్ల మెడల్లోనూ అంకెల చీటీలే.

ఆ ఎలుగుకు సొంత పేరు ఉంది, కానీ ఆ దేశంలో ఎవరికీ అది నోరు తిరగదు. అందుకని దొరికిన స్టేషన్ పేరునే పెట్టేస్తారు. చదివేవాళ్లు నవ్వుకునే ఈ ఘట్టంలో ఎందరో కాందిశీకుల అనుభవం దాగి ఉంది. ఆ కథల్లో గ్రూబర్ అనే పాత సామాన్ల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. హంగరీ నుంచి వచ్చినవాడు. నాజీ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన తన ఏజెంటు హార్వీ ఉన్నాను తలచుకుని బాండ్ ఆ పాత్రను మలిచాడు. ఆ గ్రూబర్ మాత్రం ఎలుగుపిల్లను ఎప్పుడూ ‘మిస్టర్ బ్రౌన్’ అనే పిలుస్తాడు. మన భాషలో చెప్పాలంటే, ‘గారు’ చేర్చి పిలుస్తాడు. పేరు పోగొట్టుకున్నవాడికి మర్యాద ఎంత అవసరమో ఆ బాధ పడ్డ మరొకడికే తెలుసు.

2009లో వచ్చిన ‘మై నేమ్ ఈజ్ సంగోయెల్’ ఈ విషయాన్ని సూటిగా చెప్తుంది. కారెన్ లిన్ విలియమ్స్, ఖాద్రా మొహమ్మద్ కలిసి రాసిన బొమ్మల పుస్తకం ఇది. సూడాన్ యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న ఎనిమిదేళ్ల డింకా పిల్లవాడు, అమ్మతో, చెల్లెలితో అమెరికా చేరతాడు. తండ్రి, తాతల నుంచి వచ్చిన పేరే అతనికి మిగిలిన ఆస్తి. బడిలో ఎవరూ ఆ పేరును సరిగ్గా పలకరు. పేరు మార్చుకుందామని అమ్మ అంటుంది. పిల్లవాడు ఒప్పుకోడు. చొక్కా మీద సూర్యుడి బొమ్మ, పక్కనే ఫుట్‌బాల్ గోలు బొమ్మ వేసుకుని బడికి వెళ్తాడు. పిల్లలు ఆ రెండు బొమ్మలనూ కలిపి చదువుతారు, పేరు పలుకుతారు.

ఈ పుస్తకం చదివాక బహ్రెయిన్ ఆసుపత్రి వరండాలో వినిపించే పిలుపులు నాకు వేరుగా వినిపిస్తున్నాయి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. పాస్‌పోర్టు గళ్లలో పడేసరికి ముందుది వెనక్కి, వెనకది ముందుకు పోతాయి. నర్సు ఇంటిపేరు పట్టుకుని పిలుస్తుంది. కుర్చీలో ఉన్న మనిషి అది తననే అని గుర్తించి లేచేసరికి రెండు క్షణాలు పడుతుంది. అతను కాందిశీకుడు కాడు, బతుకుతెరువుకు వచ్చినవాడు. అయినా ఆ రెండు క్షణాలు నాకు చిన్నవిగా అనిపించవు.

ఇక మన చరిత్ర. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లు రంగూన్‌ను ‘రంగం’ అన్నారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి వేలాదిమంది రంగం వెళ్లి ఓడల్లో బరువులు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా ఉన్నారు, రంగూన్ జనాభాలో సగానికి మించి వాళ్లే. తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. 1839 తుపాను తరవాత ఆ రేవు మళ్లీ కోలుకోలేదు, కానీ దాని పేరు సముద్రం దాటి మనుషులకు అంటుకుంది. శ్రీకాకుళం వాడైనా విశాఖ వాడైనా అందరూ కోరంగీలే. పాడింగ్టన్‌కు స్టేషన్ పేరు పెట్టినట్టే మనవాళ్లకు రేవు పేరు పెట్టారు. కాకపోతే ఆ పేరులో ముద్దు లేదు, చిన్నచూపు ఉంది. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె ముగిశాక రంగూన్‌లో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమైంది. ఆ నెలల్లో లక్షలాది భారతీయులు కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. కొందరు అరకాన్ కొండలు దాటి టాంగప్ మీదుగా అక్యాబ్‌కూ, కొందరు టాము మీదుగా ఇంఫాల్‌కూ, ఆలస్యమైనవాళ్లు వానల్లో హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లీడోకూ నడిచారు. దారిపొడవునా కలరా, మలేరియా, జిగట విరేచనాలు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి కేటాయించారని ఆనాడే విమర్శలు వచ్చాయి. చనిపోయినవాళ్ల అంచనాలు పదివేల దగ్గర మొదలై అనేక పదుల వేలదాకా పోతాయి. అంకెల్లో అంత తేడా ఉందంటే అర్థం ఒక్కటే, చనిపోయినవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1975లో ఈ సంఘటన మీద రాసిన వ్యాసానికి ‘మరచిపోయిన దీర్ఘయాత్ర’ అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు.

రెండో ప్రయాణం 1960లలో జరిగింది. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, తరవాత దుకాణాలు, వ్యాపారాలు జాతీయమయ్యాయి, 1964 మేలో పెద్ద నోట్లు చెల్లకుండా పోయాయి. యుద్ధం ముగిశాక తిరిగి వెళ్లినవాళ్లూ, అక్కడే పుట్టినవాళ్లూ లక్షకు పైగా ఓడల్లో మద్రాసు, విశాఖ రేవుల్లో దిగారు. విశాఖలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఆ దిగిన జనం గుర్తు. అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావాళ్లు. రంగూన్ బడిలో బర్మా భాష చదువుకున్న పిల్లలు విశాఖలో తెలుగు ఓనమాలతో మళ్లీ మొదలుపెట్టారు. సొంత దేశమే వాళ్లకు పరాయి బడి అయింది.

మూడో ప్రయాణం మా గల్ఫ్‌ది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. కువైటీ కుటుంబాలు సౌదీకీ, ఈ బహ్రెయిన్‌కీ తరలివచ్చాయి. అక్కడున్న దాదాపు 1,70,000 మంది భారతీయుల్లో కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎందరో. వాళ్లు బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ చేరి, గుడారాల్లో రోజులు లెక్కపెట్టుకున్నారు. పాస్‌పోర్టులు యజమానుల దగ్గరే ఉండిపోయినవాళ్లకు తాము ఎవరో రుజువు చేసుకోవడమే మొదటి పని అయింది. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి, 1,11,000 మందికి పైగా ఇంటికి చేర్చింది. 2016లో దీని మీద హిందీ సినిమా వచ్చింది. అందులో కథానాయకుడు ఒక కల్పిత వ్యాపారి. ఆ గుడారాల్లో అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లల కథ ఇంకా చెప్పవలసే ఉంది.

ఈ మూడు ప్రయాణాల గురించి పెద్దల పుస్తకాలు కొన్ని ఉన్నాయి. అమితవ్ ఘోష్ ‘ద గ్లాస్ ప్యాలెస్’లో 1942 నడక ఉంది. పదేళ్ల పిల్లకు చదివి వినిపించగల తెలుగు పుస్తకం మాత్రం నా అల్మారాలో లేదు. దేశ విభజన మీద వీరా హీరానందానీ ‘ద నైట్ డైరీ’ రాసింది. తండ్రి కుటుంబం సింధ్ నుంచి వచ్చిన అనుభవమే దానికి ప్రేరణ. ఆ పుస్తకం వచ్చింది 2018లో, అంటే 71 ఏళ్లకు. పిల్లల పుస్తకం ఆలస్యంగా రావడం సహజమే. అనుభవించిన పిల్లలు పెద్దవాళ్లయి, తమ పిల్లల మొహం చూసినప్పుడే ఆ కథ నోటికి వస్తుంది. జుడిత్ కెర్ కూడా, తాను దాటి వచ్చిన కాలం ఎలాంటిదో తన పిల్లలకు తెలియాలనే కలం పట్టింది.

ఆమె బెర్లిన్ వదిలిన ఏడాదికీ పుస్తకం వచ్చిన ఏడాదికీ మధ్య 38 ఏళ్లు. 1990కి 38 కలిపితే 2028. కువైట్ నుంచి తొమ్మిదేళ్ల వయసులో వచ్చేసిన తెలుగు పిల్ల, కెర్ రాసిన వయసుకు సరిగ్గా అప్పుడే చేరుతుంది. 1942లో నడిచిన పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటి, తొంభై దాటి ఉంటాయి. వాళ్లను అడగడానికి మిగిలిన సమయం చాలా తక్కువ. మీ ఇంట్లో రంగం నుంచి నడిచి వచ్చిన నాయనమ్మ ఉంటే, బర్మా ఓడ దిగిన పెదనాన్న ఉంటే, కువైట్ గుడారంలో పడుకున్న అక్క ఉంటే, ఈ వారమే వెళ్లి పక్కన కూర్చోండి. ఎంత నడిచారో, ఎంతమంది పోయారో తరవాత అడగవచ్చు. ఏ బొమ్మ వదిలి వచ్చారో, దారిలో తమను ఎవరు ఏ పేరుతో పిలిచారో ముందు అడగండి. పిల్లల పుస్తకం అక్కణ్ణుంచి మొదలవుతుంది.