వీర్ చక్రా? శౌర్య చక్రా?.. జవాన్ల అవార్డుల వార్తల్లో దొర్లే తప్పులివే.. ఎలా చెక్ చేసుకోవాలంటే?

గార్లదిన్నె (అనంతపురం జిల్లా): అనంతపురం నుంచి గుత్తి వైపు హైవే మీద వెళ్తే వచ్చే మండల కేంద్రం గార్లదిన్నె. వాన పడితేనే పంట అనే ఈ కరువు నేల మీద ఆర్మీ ఉద్యోగం అంటే ఇంటికి నెల జీతం, ఊరికి గౌరవం. ఇలాంటి చోట ఒక జవాన్‌కు పతకం వచ్చిందంటే సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో, మర్నాటికి సెంటర్‌లో ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ మీద రాసేది చాలాసార్లు టీవీ స్క్రోలింగ్‌లోనో, వెబ్‌సైట్‌లోనో చూసిన మాటే. స్క్రోలింగ్‌లో ‘శౌర్య చక్ర’ బదులు ‘వీర్ చక్ర’ అని పడితే ఫ్లెక్సీ మీదా అదే పడుతుంది. రేపు ఊరి బడిలో పెట్టే శిలాఫలకం మీదా అదే ఉంటుంది.

నిజానికి కేంద్రం ఇచ్చే ప్రతి శౌర్య పురస్కారానికీ రాతపూర్వక రికార్డు ఉంటుంది. ఫోన్‌లోనే చూసుకోవచ్చు. మరి వార్తల్లో తప్పులు ఎక్కడ దొర్లుతాయి? ఆ తప్పు వల్ల కుటుంబానికి పోయేదేంటి? ఓసారి చూద్దాం.

అవార్డుల వరుస ఇదీ..

శౌర్య పురస్కారాలు రెండు రకాలు. శత్రువుకు ఎదురుగా నిలిచి చూపిన సాహసానికి ఇచ్చేవి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర్ చక్ర. ఈ మూడింటినీ 1950 జనవరి 26న ప్రారంభించారు, 1947 ఆగస్టు 15 నుంచే వర్తించేలా. శత్రువుతో నేరుగా తలపడని సందర్భాల్లోని సాహసానికి ఇచ్చేవి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. వీటిని 1952లో అశోక చక్ర క్లాస్ 1, 2, 3 పేర్లతో మొదలుపెట్టి, 1967లో ఇప్పటి పేర్లు పెట్టారు.

రెండు రకాలనూ కలిపి చూస్తే పెద్ద నుంచి చిన్నకు వరుస ఇలా ఉంటుంది: పరమవీర చక్ర, అశోక చక్ర, మహావీర చక్ర, కీర్తి చక్ర, వీర్ చక్ర, శౌర్య చక్ర. ఆ తర్వాత ఆర్మీలో సేనా మెడల్, నేవీలో నౌసేనా మెడల్, ఎయిర్‌ఫోర్స్‌లో వాయుసేనా మెడల్.

ఇక్కడే ఎక్కువ గందరగోళం. ‘వీర’ అని వినిపించగానే మూడింటినీ ఒకటే అనుకుంటారు. బాపట్ల జిల్లాకు చెందిన సిపాయి మరుప్రోలు జస్వంత్ కుమార్ రెడ్డి 2021 జులైలో జమ్మూకశ్మీర్‌లోని సుందర్‌బనీ సెక్టార్‌లో ఉగ్రవాదులతో పోరాడుతూ ప్రాణాలు విడిచారు. 17 మద్రాస్ రెజిమెంట్ జవాన్ ఆయన. 2022 రిపబ్లిక్ డే సందర్భంగా ఆయనకు మరణానంతరం ప్రకటించింది శౌర్య చక్ర. దాన్ని వీర్ చక్ర అని రాస్తే స్థాయి పెంచినట్టు అనిపించొచ్చు. కానీ వీర్ చక్ర జాబితాలో వెతికితే ఆయన పేరు దొరకదు. అప్పుడు అసలు ఉన్న గౌరవం మీదే అనుమానం వస్తుంది.

అశోక చక్ర సైనికులకు మాత్రమే అనుకోవడం ఇంకో పొరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్‌కు చెందిన ప్రసాద్ బాబుకు 2014 రిపబ్లిక్ డే నాడు మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు. ఆయన పోలీసు.

డబ్బు లెక్క కూడా మారుతుంది

అవార్డుతో పాటు నెలనెలా భత్యం ఉంటుంది. 2017 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం పరమవీర చక్రకు నెలకు రూ.20,000, అశోక చక్రకు 12,000, మహావీర చక్రకు 10,000, కీర్తి చక్రకు 9,000, వీర్ చక్రకు 7,000, శౌర్య చక్రకు 6,000, సాహసానికి ఇచ్చే సేనా మెడల్‌కు 2,000. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే నగదు కూడా అవార్డును బట్టే మారుతుంది. వార్త చూసి లెక్కలు వేసుకున్న కుటుంబం ఆఫీసుకు వెళ్లాక ‘మీకు వచ్చింది అది కాదమ్మా’ అన్న మాట వినాల్సి వస్తుంది.

ప్రకటించారా? అందుకున్నారా?

సూర్యాపేటకు చెందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో వీరమరణం పొందారు. ఆయనకు మహావీర చక్ర ప్రకటించింది 2021 రిపబ్లిక్ డే ముందురోజు. రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన భార్య, తల్లి అందుకుంది 2021 నవంబర్ 23న. మధ్యలో పది నెలల గ్యాప్. జనవరిలో ‘అందుకున్నారు’ అన్నా, నవంబర్‌లో ‘ప్రకటించారు’ అన్నా తప్పే.

అప్పట్లో చాలామందికి వచ్చిన డౌట్ ఒకటుంది. యుద్ధమే ప్రకటించలేదు కదా, యుద్ధకాలపు అవార్డు ఎలా ఇచ్చారు? ఈ అవార్డుకు యుద్ధం ప్రకటించాల్సిన పని లేదు. శత్రువు ఎదురుగా ఉండగా చూపిన సాహసమే కొలమానం.

పరమవీర చక్ర వస్తుందని ఆశించామని ఆయన తండ్రి అప్పట్లో బహిరంగంగానే చెప్పారు. అలా కోరుకునే హక్కు కుటుంబానికి ఉంది. వార్త రాసేవాళ్లు మాత్రం వచ్చిన అవార్డునే రాయాలి.

మొదటి వార్తలో చెప్పే సంఖ్యతోనూ జాగ్రత్త. గల్వాన్‌పై జూన్ 16న ఆర్మీ ముందుగా చెప్పింది ఒక ఆఫీసర్, ఇద్దరు జవాన్లు అని. తీవ్రంగా గాయపడిన మరో 17 మంది చనిపోయారని, మొత్తం 20 మంది అని అదే రాత్రి వెల్లడించింది. తొలి ప్రకటన అబద్ధం కాదు, ఆ గంటకు తెలిసినంత. అందుకే ‘ఇప్పటివరకు అందిన సమాచారం ప్రకారం’ అనే మాట అవసరం.

ఒకే పేరుతో ఇద్దరు ఉంటే?

కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద పోరాడిన 18 గ్రెనేడియర్స్ జవాన్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్ర మరణానంతరం అని ప్రకటించారు. ఆ తర్వాత తెలిసిందేంటంటే ఆయన బతికే ఉన్నారు, ఆస్పత్రిలో కోలుకుంటున్నారు. చనిపోయింది అదే పేరున్న మరో జవాన్. దేశంలోనే అత్యున్నత పురస్కారం విషయంలోనే ఇలా జరిగింది. ఇక మన దగ్గర నాయక్, రెడ్డి, బాషా పేర్లతో ఒకే యూనిట్‌లో ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. పేరు ఒక్కటే సరిపోదు. సర్వీస్ నంబర్, యూనిట్, సొంతూరు కలిపి సరిచూసుకోవాలి. సర్వీస్ నంబర్ చెక్ చేసుకోవడానికే, పబ్లిష్ చేయడానికి కాదు.

ఛాతీ మీద ఎనిమిది రిబ్బన్లుంటే ఎనిమిది శౌర్య పతకాలా?

కాదు. రిటైరైన హవల్దార్ ఫొటోలో కనిపించే వాటిలో ఎక్కువ భాగం సర్వీసుకు సంబంధించినవే. 9 ఏళ్లు, 20 ఏళ్లు, 30 ఏళ్ల సర్వీసుకు వేర్వేరు మెడల్స్ ఉన్నాయి. సియాచిన్‌లో, ఎత్తైన ప్రాంతాల్లో డ్యూటీ చేసినందుకు ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లైన సందర్భంగా ఇచ్చింది ఉంది. ఇవన్నీ గౌరవమే, కానీ సాహస పురస్కారాలు కావు. విశిష్ట సేవా మెడల్ కూడా సేవకే. సేనా మెడల్‌ను మాత్రం సాహసానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. ఏది అనేది వార్తలో చెప్పాలి.

‘కార్గిల్ వీరుడు’ అనే మాట దగ్గరా ఆగాలి. ఆపరేషన్ విజయ్ స్టార్ కార్గిల్ పోరాట ప్రాంతంలో ఉన్నవాళ్లకు. ఆపరేషన్ విజయ్ మెడల్ ఆ సమయంలో విధులకు తరలించిన మిగతా బలగాలకు కూడా. మెడల్ ఉన్నంత మాత్రాన కొండ ఎక్కి పోరాడారని రాయకూడదు.

ర్యాంకు, దళం, జిల్లా..

సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్.. వీళ్లు జవాన్లు. నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్లు జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు. లెఫ్టినెంట్ నుంచి పైన ఆఫీసర్లు. సుబేదార్ మేజర్‌ను ‘మేజర్’ అని రాస్తే వేరే మనిషి అయిపోతాడు. అలాగే సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ ఆర్మీ కాదు. అవి కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తాయి.

ఆపరేషన్ సిందూర్ సమయంలో, 2025 మే నెలలో, నియంత్రణ రేఖ దగ్గర పాక్ కాల్పుల్లో వీరమరణం పొందిన మురళీ నాయక్ ఈ ప్రాంతం బిడ్డే. గోరంట్ల మండలం కల్లి తండా. ఆయన అగ్నివీర్. ఊరు ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి ‘ఉమ్మడి అనంతపురం’ అనాలి, లేదంటే కొత్త జిల్లా పేరు రాయాలి. గార్లదిన్నె మాత్రం అనంతపురం జిల్లాలోనే ఉంది.

‘అగ్నివీర్’ అనే ఒక్క మాట కూడా కీలకమే. రెగ్యులర్ జవాన్ యుద్ధ చర్యల్లో చనిపోతే కుటుంబానికి చివరి జీతంతో సమానమైన లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. సర్వీసు కారణంగా చనిపోతే అందులో 60 శాతం, మామూలు మరణమైతే 30 శాతం. అగ్నివీర్‌కు పెన్షన్ లేదు. రూ.48 లక్షల బీమా, డ్యూటీలో చనిపోతే రూ.44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన నాలుగేళ్ల కాలానికి జీతం, సేవానిధి ఉంటాయి. అందుకే ఎలా చనిపోయారన్నది ఆర్మీ చెప్పేదాకా ఊహించి రాయకూడదు.

2024 జులైలో పంజాబ్‌కు చెందిన అగ్నివీర్ అజయ్ కుమార్ కుటుంబానికి పరిహారం అందిందా లేదా అని దేశమంతా వాదన నడిచింది. అప్పటికే రూ.98.39 లక్షలు ఇచ్చామని, మొత్తం సుమారు రూ.1.65 కోట్లు వస్తుందని ఆర్మీ వివరణ ఇచ్చింది. ఈ గొడవలో మధ్యలో నలిగింది కొడుకును పోగొట్టుకున్న ఇల్లే.

చెప్పేవాళ్లు చెప్పినా.. చెక్ చేయాల్సిందే

2020 నవంబర్‌లో ఆర్మీ మేజర్‌నంటూ పెళ్లి సంబంధాల పేరుతో కోట్లలో వసూలు చేశాడన్న కేసులో ఒకరిని హైదరాబాద్ పోలీసులు అరెస్ట్ చేశారు. జనాన్ని నమ్మించడానికి సైనికుడిలా యూనిఫాం వేసుకోవడం నేరం. మూడు నెలల వరకు జైలు ఉంటుంది. ఇలాంటివాళ్లకు సన్మానం చేసినట్టు ఒక్క వార్త వస్తే చాలు, ఆ క్లిప్పింగే వాళ్లకు ఐడీ కార్డు అవుతుంది.

తప్పు మీడియా వైపు నుంచీ రావొచ్చు. 2003లో ఇరాక్‌లో తాను ప్రయాణించిన హెలికాప్టర్ మీద దాడి జరిగిందని అమెరికా ఎన్‌బీసీ యాంకర్ బ్రయాన్ విలియమ్స్ చెప్పారు. ఆ రోజు అక్కడున్న సైనికులే అది నిజం కాదన్నారు. 2015 ఫిబ్రవరిలో ఆయన క్షమాపణ చెప్పారు, ఛానల్ ఆరు నెలలు సస్పెండ్ చేసింది.

చెక్ చేయడం ఎలా?

* రక్షణ శాఖ గ్యాలంట్రీ అవార్డ్స్ పోర్టల్‌లో పేరు, అవార్డు, సంవత్సరం వెతకొచ్చు.
* జనవరి 25, ఆగస్టు 14 తేదీల్లో పీఐబీ విడుదల చేసే జాబితా చూడాలి. ఫైనల్ రికార్డు మాత్రం గెజిట్ ఆఫ్ ఇండియా.
* రిటైరైన వాళ్ల విషయంలో డిశ్చార్జ్ బుక్ చూపించమని మర్యాదగా అడగొచ్చు. నిజంగా సర్వీస్ చేసినవాళ్లు దాన్ని భద్రంగా దాచుకుంటారు.
* అనుమానం ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగాలి.
* మరణవార్త అయితే కుటుంబానికి ఆర్మీ చెప్పిందో లేదో తెలిశాకే పేరు వేయాలి. అమ్మానాన్నలకు ఆ వార్త స్క్రోలింగ్‌లో తెలియకూడదు.

తప్పు వచ్చేస్తే?

కుటుంబం ఊరుకోనక్కర్లేదు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ప్రతి డిజిటల్ న్యూస్ సంస్థకు గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదుపై 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఫిర్యాదుతో పాటు గెజిట్ పేజీ జత చేస్తే వాదనే ఉండదు. వార్తా సంస్థ కూడా తప్పును గుట్టుగా మార్చేయకుండా ‘ముందు ఇలా రాశాం, సరైనది ఇదీ’ అని అదే పేజీలో చెప్పాలి. ఎందుకంటే పాత స్క్రీన్‌షాట్ అప్పటికే ఊరి గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది.

వీడియో చూసి ఫార్వర్డ్ చేసే మీరు కూడా ఒక పని చేయొచ్చు. ఫ్లెక్సీ ప్రింటింగ్‌కు ఇచ్చే ముందు పోర్టల్‌లో ఆ పేరు ఒక్కసారి వెతకండి. రెండు నిమిషాలు పడుతుంది. ఆ జవాన్ సంపాదించుకున్న పతకం ఏదో, దాని పేరే ఊళ్లో నిలుస్తుంది.