ఆలస్యంగా తేలిన నీలం

బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో మా బెంచీ మీద ఒక గోధుమరంగు సీసా ఉండేది. దాని మీద అంటించిన కాగితంపై ‘ఆన్సా’ అని రాసి ఉండేది. అసలు పేరు అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. అంత పేరు పలికే ఓపిక ల్యాబులో ఎవరికుంటుంది? రక్తంలోని మాంసకృత్తులను టీసీఏ అనే ఆమ్లంతో విరగ్గొట్టి, వడగట్టిన తేటలో మాలిబ్డేట్ పోసి, చివర్న ఆన్సా కలిపితే గొట్టం మెల్లగా నీలం తిరిగేది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. రికార్డులో ‘ఫిస్కే-సుబ్బారో పద్ధతి’ అని రాసి సంతకం పెట్టించుకున్నాం. ఆ ఇంగ్లిషు స్పెల్లింగు చూసి సుబ్బారో ఏ ఇటలీవాడో అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావని తెలిసేసరికి నా డిగ్రీ అయిపోయింది.

ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు కట్టి ఆపరేషన్ గదిలోకి వెళ్లినందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చిందని, అందుకే ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చిందని ఆయన జీవితకథ రాసినవాళ్లు చెబుతారు. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ బోధించి, మామగారి సాయంతో ఓడెక్కి, 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. అక్కడ చదువుకుంటూనే పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. ఆ తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే ల్యాబులో కుదురుకున్నారు.

అప్పట్లో ఒంట్లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడమే పెద్ద తలనొప్పి. ఫాస్ఫేటు ఆమ్లంలో మాలిబ్డేట్‌తో జత కడుతుంది, ఆ జతను క్షయకరణం చేస్తే నీలం వస్తుంది. ఈ సంగతి ముందే తెలుసు. చిక్కల్లా నమ్మదగిన, నిలకడైన నీలం రప్పించడంలోనే. అది ఆన్సాతో సాధ్యమైంది. 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ఇద్దరి పేర్లతో ఆ పద్ధతి అచ్చయింది. ఆనాటి కలరీమీటరుకు కన్నే మీటరు. ఫాస్ఫరస్ లెక్క తెలిసిన ద్రవం ఒక గిన్నెలో, పరీక్షించాల్సింది రెండో గిన్నెలో పోసి పైనుంచి చూస్తే, గుండ్రటి అద్దంలో రెండు సగాలు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండు నీలాలూ ఒకటయ్యేదాకా మర తిప్పి లోతు చదువుకోవాలి. పట్టుచీరకు జాకెట్టు గుడ్డ వెతికేవాళ్లకున్నంత చూపు ఉండాలి ఆ పనికి.

అసలు కథ మొదలైంది ఆ పద్ధతి మొరాయించిన చోట. తాజా కండరం నుంచి తీసిన తేటలో మందులు కలిపితే నీలం రావాల్సిన వేళకు రాలేదు. కాసేపు లేతగా ఉండి, ఆగి ఆగి చిక్కబడింది. మరొకరైతే మందు పాడైందని కొత్త సీసా తెరిచేవారు. వీళ్లు గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆలస్యానికి కారణం, ఆ ఫాస్ఫేటు అప్పటికింకా విడిగా లేకపోవడం. ఏదో పదార్థానికి అంటుకుని ఉండి, గొట్టంలోని ఆమ్లం, మాలిబ్డేట్ కలిసి దాన్ని ఊడదీస్తుంటే కొద్దికొద్దిగా బయటపడి రంగు తేలుతోంది. ఆ అంటుకున్న పదార్థం క్రియాటిన్. రెండూ కలిసినది ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని ప్రేరేపించి పని చేయిస్తే అది తగ్గింది, విశ్రాంతినిస్తే మళ్లీ పెరిగింది.

1927లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం శీర్షిక చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. కండరంలోని ‘అకర్బన ఫాస్ఫేటు’ స్వభావం గురించి అంటూ, ఆ రెండు మాటలను కొటేషన్లలో పెట్టారు. అంతవరకూ అందరూ విడి ఫాస్ఫేటుగా లెక్కగట్టినదాంట్లో చాలా భాగం విడి ఫాస్ఫేటు కానే కాదని ఆ గుర్తులతోనే చెప్పేశారు. ఇంగ్లండులో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా సరిగ్గా అదే ఏడు కప్ప కండరంలో ఈ పదార్థాన్నే పట్టి ‘ఫాస్ఫాజెన్’ అన్నారు.

అప్పటికి కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్నది గట్టి సిద్ధాంతం. ఆ రంగంలో పనికి హిల్, మయర్‌హోఫ్‌లకు నోబెల్ కూడా వచ్చింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ కండరంలో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషంతో ఆపేసి చూశాడు. అయినా కండరం కాసేపు ముడుచుకుంది, అంతసేపూ ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతూ పోయింది. అయితే కండరాన్ని కదిలించేది అదీ కాదు. దానికంటే ముందున్నది ఏటీపీ. అడెనిన్, రైబోజ్ అనే చక్కెర, వాటికి తోకలా మూడు ఫాస్ఫేట్లు. చివరి ఫాస్ఫేటు తెగితే ఏడీపీ మిగులుతుంది, ఆ తెగడంలోంచే పనికి శక్తి దొరుకుతుంది. దీన్ని 1929లో జర్మనీలో మయర్‌హోఫ్ ల్యాబులోని కార్ల్ లోమన్, బోస్టన్‌లో ఫిస్కే, సుబ్బారావు ఎవరికి వారే విడదీశారు. లోమన్ వ్యాసం వేసవిలో వచ్చింది, వీళ్లది అక్టోబరులో. లోమనే 1934లో మరో ముడి విప్పాడు. ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఏడీపీకి ఇచ్చి దాన్ని మళ్లీ ఏటీపీ చేస్తుందని తేల్చాడు.

మన భాషలో చెప్పాలంటే అది చేబదులు. కబడ్డీలో కూతకెళ్లినవాడు అవతలివాళ్లు పట్టుకోబోతే ఒక్క ఉదుటున గీత మీదికి దూకుతాడు చూడండి, ఆ రెండు మూడు సెకన్లలో ఊపిరి పీల్చి, చక్కెర మండించి శక్తి తెచ్చుకునే వ్యవధి ఉండదు. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ కొద్ది సెకన్లకే చాలుతుంది. పక్కనున్న ఫాస్ఫోక్రియాటిన్ కాగితమూ పూచీకత్తూ లేకుండా అప్పిచ్చేస్తుంది. వాడు గీత దాటి రొప్పుతూ నిలబడ్డాక, తిండి నుంచీ ఆక్సిజన్ నుంచీ వచ్చిన శక్తితో ఆ బదులు తీరుతుంది. పరుగు పందేల్లో మొదటి పదిసెకన్ల వేగానికీ ఆ తర్వాతి వేగానికీ తేడా ఇక్కడే ఉంది. ఈ కండరం లెక్కే బాక్టీరియాకూ, వరి మొక్కకూ వర్తిస్తుందని, ప్రాణమున్న ప్రతి కణం ఏటీపీ మీదే నడుస్తుందని పూర్తిగా అర్థం కావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఫ్రిట్జ్ లిప్‌మన్ ఆ ఫాస్ఫేటు బంధాల ప్రాధాన్యాన్ని సూత్రీకరించి రాసింది 1941లో.

అప్పటికి సుబ్బారావు హార్వర్డ్‌లో లేరు. 1930లో పీహెచ్‌డీ వచ్చినా, పద్ధతికి పేరొచ్చినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. మన పత్రికలు ఆయన కథను ఎక్కువగా అక్కడి నుంచే ఎత్తుకుంటాయి. తప్పు లేదు. ఫోలిక్ ఆమ్లం తయారీ, పిల్లల రక్తక్యాన్సర్‌పై సిడ్నీ ఫార్బర్ 1948లో వాడి చూపిన అమినాప్టెరిన్, గోదావరి జిల్లాల్లో బోదకాలుకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఇవన్నీ ఆయన బృందం చలవే. స్ప్రూ జబ్బుతో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు తోబుట్టువులను పోగొట్టుకున్న మనిషి, ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం దాకా వెళ్లారు.

1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల వయసులో, నిద్రలోనే పోయారు. మూడేళ్లలో తిరిగొస్తానని భార్య శేషగిరికి చెప్పి 1922లో బయల్దేరారు. ఆ తర్వాత ఇరవయ్యారేళ్లలో ఒక్కసారీ ఇంటికి రాలేదు.