సర్వరు ఎలా మేలుకొంటుంది? ఎలా కోలుకొంటుంది?

రేషను దుకాణంలోనో, పొలం కాగితాల కోసం వెళ్ళిన కార్యాలయంలోనో "సర్వర్ డౌన్" అన్న మాట వినని కుటుంబం సరిహద్దు గ్రామాలలో అరుదు. ఆంధ్ర వైపు అడంగల్, కర్ణాటక వైపు పహాణీ, తమిళనాడు వైపు పట్టా, చిట్టా: పేరు ఏదైనా నేడు ఆ వివరాలు దూరాన ఉన్న సర్వర్ల నుండే వస్తున్నాయి. దారిలో తీగ తెగినా, ప్రోగ్రాములో లోపమున్నా, యంత్రమే ఆగినా మన చెవిన పడేది ఆ ఒక్క మాటే. వీటిలో చివరిదైన యంత్రం ఆగిపోవడం, తిరిగి లేవడం ఎట్లాగో ఈ వ్యాసంలో తెలుసుకొందాం.

మేలుకొనే క్రమం

సర్వరు కూడా కంప్యూటరే. అయితే రేయింబవళ్ళు పనిచేస్తూ ఒకేసారి వేలమందికి బదులు చెప్పగలది. విద్యుత్తు అందగానే దాని ప్రాసెసరు మొదట చదివేది హార్డు డిస్కును కాదు, మదర్‌బోర్డుపై ఉన్న ఒక చిన్న ఫ్లాష్ చిప్పును. అందులోని ప్రోగ్రామునే ఫర్మ్‌వేర్ అంటారు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లో దీని పేరు బయోస్. నేటి యంత్రాలలో దాని స్థానంలో యు.ఇ.ఎఫ్.ఐ. ఉన్నది. ఇది మెమొరీని, డిస్కులను, ఇతర భాగాలను పరీక్షించి, అన్నీ సవ్యంగా ఉంటేనే ఆపరేటింగ్ సిస్టమును లేపుతుంది. మెమొరీ అధికంగా గల సర్వరుకు ఈ పరీక్షలకే కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని చూసి చెడిపోయినదని తలచి మీట నొక్కరాదు.

ఫర్మ్‌వేర్ చెడితే

ఫ్లాష్ చిప్పులోని వ్రాతను మార్చవచ్చును. మేలూ కీడూ అందులోనే ఉన్నాయి. కొత్త ఫర్మ్‌వేర్ వ్రాస్తుండగా కరెంటు పోతే, సగం వ్రాసిన చిప్పుతో యంత్రం లేవలేకపోవచ్చును. సి.ఐ.హెచ్. అనే వైరస్ 1999 ఏప్రిల్ 26న అనేక దేశాలలోని కంప్యూటర్లలో ఈ చిప్పును కూడా చెరిపివేసి, వాటిని కదలనీయకుండా చేసింది.

అందుచేతనే పలు సర్వర్లలో ఫర్మ్‌వేర్‌కు రెండవ ప్రతి ఉంచుతారు. మొదటిది చెడితే రెండవదానితో యంత్రం లేస్తుంది. కొన్నింటిలో యు.ఎస్.బి. ద్వారా మంచి ప్రతిని తిరిగి ఎక్కించవచ్చును. ఏదీ కుదరకపోతే నిపుణులు ప్రోగ్రామరు అనే పరికరాన్ని చిప్పుకు తగిలించి నేరుగా వ్రాస్తారు. తేదీ, సమయం మాత్రమే తప్పితే కారణం సాధారణంగా 3 వోల్టుల నాణెం బ్యాటరీ తరిగిపోవడమే. దానిని మార్చితే చాలును.

లోపలి కావలివాడు

సర్వరులో బి.ఎం.సి. అనే మరొక చిన్న కంప్యూటరు దాగి ఉంటుంది. దీనికి సొంత ప్రాసెసరు, సొంత మెమొరీ ఉంటాయి. సర్వరు ఆపి ఉన్నా, ప్లగ్గులో విద్యుత్తు ఉన్నంతవరకు ఇది మేల్కొనే ఉంటుంది. ఉష్ణోగ్రత, ఫ్యాన్ల వేగం, వోల్టేజీ ఎప్పటికప్పుడు కొలిచి, హద్దు మీరితే తన చిట్టాలో వ్రాసి హెచ్చరిస్తుంది. పొలంలోని మోటారుకు స్టార్టరు కాపలా ఉన్నట్లే, సర్వరుకు ఇది కాపలా. పైగా, ఎంతో దూరాన ఉన్న ఉద్యోగి దీని ద్వారా సర్వరును ఆపవచ్చు, లేపవచ్చు, తెరపై కనబడేది చూడవచ్చును.

ఇంటెల్, హెచ్.పి., డెల్, ఎన్.ఇ.సి. సంస్థలు 1998లో ఇందుకోసం ఐ.పి.ఎం.ఐ. అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించాయి. 2015లో రెడ్‌ఫిష్ అనే నూతన పద్ధతి వచ్చింది. హెచ్.పి. వారి ఐలో, డెల్ వారి ఐడ్రాక్ ఈ కోవలోనివే.

తాళం జాగ్రత్త

కావలివాని చేతి తాళం దొంగకు చిక్కితే ఇల్లంతా వాని వశమే. 2018లో కొందరు నేరగాళ్ళు ఈ ద్వారం గుండానే సర్వర్లలో చొరబడి, సమాచారాన్ని బంధించి సొమ్ము అడిగారు.

మన ఊళ్ళ నుండి ఈ వృత్తికి వెళ్ళే యువతీయువకులు కొన్ని సూత్రాలు మరువరాదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి. బి.ఎం.సి.ని బయటి ఇంటర్నెట్టుకు కలపకుండా వేరు నెట్‌వర్కులో ఉంచాలి. తయారీదారు ఇచ్చిన ఫర్మ్‌వేర్‌నే, యు.పి.ఎస్. ఆధారం ఉన్నప్పుడే ఎక్కించాలి. ఆగిన యంత్రాన్ని పదే పదే లేపక, ముందు చిట్టా చదివి కారణం కనుగొనాలి. ఆ చిట్టాను ఒకరు శ్రద్ధగా చదివిన నాడు, ఎక్కడో కార్యాలయం ముందు నిలుచున్న రైతుకు రెండవసారి బస్సు ఛార్జీ మిగులుతుంది.