మన మార్కులు విదేశాల్లో ఎంత? జర్మనీ, బ్రిటన్, అమెరికా లెక్కలు ఇవీ..

విదేశాల్లో ఎంఎస్ చదవాలనుకునే వాళ్లందరికీ వచ్చే మొదటి డౌట్ ఒకటే. ఇక్కడ వచ్చిన పర్సంటేజీ, సీజీపీఏ అక్కడి లెక్కలో ఎంత? నెట్‌లో కన్వర్టర్లు బోలెడు ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో అంకె చూపిస్తుంది. అసలు లెక్క ఎలా వేస్తారో తెలిస్తే కన్సల్టెన్సీ చెప్పిన నంబర్ కరెక్టో కాదో మనమే చూసుకోవచ్చు.

జర్మనీలో తక్కువొస్తేనే గొప్ప

జర్మనీలో 1.0 అంటే టాప్ గ్రేడు. 4.0 వరకు పాస్. 5.0 వస్తే ఫెయిల్. అందుకే 'మా వాడికి 2.0 వచ్చింది' అంటే కంగారు పడక్కర్లేదు, అది మంచి గ్రేడే. మాస్టర్స్ కోర్సులు చాలావాటిలో 2.5 లేదా అంతకంటే మెరుగైన గ్రేడు ఉండాలని అడుగుతారు.

విదేశీ మార్కులను మార్చడానికి అక్కడ వాడేది సవరించిన బవేరియన్ ఫార్ములా. దీనికి మూడు అంకెలు కావాలి: గరిష్ఠ మార్కు, పాస్ మార్కు, మీకొచ్చిన మార్కు. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేయండి. గరిష్ఠ మార్కులోంచి పాస్ మార్కు కూడా తీసేయండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించి, 3తో గుణించి, 1 కలిపితే వచ్చేదే జర్మన్ గ్రేడు.

ఉదాహరణకు 100కి 70 వచ్చాయి, పాస్ మార్కు 40 అనుకుందాం. 30ని 60తో భాగిస్తే 0.5. దాన్ని 3తో గుణిస్తే 1.5. ఒకటి కలిపితే 2.5. అదే 70కి పాస్ మార్కు 50 అని రాస్తే గ్రేడు 2.8 అవుతుంది. పాస్ మార్కు 35 అయితే 2.4 దగ్గరికి వస్తుంది. మార్కులు అవే, మారింది పాస్ మార్కు ఒక్కటే. కానీ 2.5 అడిగే కోర్సులో ఒకరికి దారి తెరుచుకుంటుంది, ఇంకొకరికి మూసుకుపోతుంది.

సీజీపీఏని పర్సంటేజీగా మార్చాలా?

మన దగ్గర సీజీపీఏని పర్సంటేజీగా మార్చే పద్ధతి అన్ని చోట్లా ఒకటి కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ లెక్కలో సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణిస్తారు. సీబీఎస్ఈ పదో తరగతికి సీజీపీఏ ఇచ్చిన రోజుల్లో 9.5తో గుణించేవారు. అంటే 8.0కి ఒక లెక్కలో 75 శాతం, ఇంకో లెక్కలో 76 శాతం. నేరుగా పదితో గుణిస్తే 80. ఎవరి బోర్డు, ఎవరి యూనివర్సిటీ ఫార్ములా వాళ్లే వాడాలి.

జర్మనీ లెక్కకు ఈ మార్పిడి అవసరం లేదు. సీజీపీఏనే నేరుగా ఫార్ములాలో వేయొచ్చు. 10కి 7.5 ఉండి, పాస్ పాయింటు 5 అయితే గ్రేడు 2.5. ఇదే 7.5ని జేఎన్‌టీయూ పద్ధతిలో 70 శాతం చేసి, పాస్ 50 అని వేస్తే 2.8 వస్తుంది. కాబట్టి మెమోలో ఏ స్కేలు ఉందో ఆ స్కేలులోనే లెక్క వేయాలి.

బ్రిటన్‌లో ఫస్ట్ క్లాస్ వేరు

మన దగ్గర 60 శాతం దాటితే ఫస్ట్ క్లాస్ అంటాం. బ్రిటన్‌లో 70 దాటితేనే ఫస్ట్ క్లాస్. 60 నుంచి 69 అప్పర్ సెకండ్, 50 నుంచి 59 లోయర్ సెకండ్, 40 నుంచి 49 థర్డ్. అక్కడ 70 రావడం మన దగ్గర 70 వచ్చినంత తేలిక కాదు. అందుకే అంకెకు అంకె పెట్టి పోల్చకూడదు. మన డిగ్రీకి ఎంత శాతం కావాలో చాలా యూనివర్సిటీలు వెబ్‌సైట్‌లో ఇండియా పేజీలో చెబుతాయి. దాన్నే నమ్మాలి.

అమెరికాలో సబ్జెక్టుల వారీగా

అమెరికాలో 4.0 స్కేలు. ఏ అంటే 4, బీ అంటే 3, సీ అంటే 2, డీ అంటే 1. చాలామంది 8 సీజీపీఏని 10తో భాగించి 4తో గుణించి 3.2 అని రాసేస్తారు. అది సరైన పద్ధతి కాదు. డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు కోర్సుల వారీ రిపోర్టులో ఒక్కో సబ్జెక్టుకు అమెరికా గ్రేడు ఇచ్చి, క్రెడిట్ల ప్రకారం సగటు తీస్తాయి. 4 క్రెడిట్ల సబ్జెక్టులో ఏ, 3 క్రెడిట్ల సబ్జెక్టులో బీ వస్తే 16, 9 కలిపి 25. దాన్ని 7తో భాగిస్తే 3.57. అప్లికేషన్‌లో మీ ఒరిజినల్ స్కేలే రాయమంటే మార్చకుండా అలాగే రాయండి.

అప్లై చేసే ముందు..

* యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టుతో పాటు గ్రేడింగ్ స్కేలు తీసుకోండి. అందులో గరిష్ఠ మార్కు, పాస్ మార్కు స్పష్టంగా ఉండాలి.
* సబ్జెక్టు పాస్‌కి ఒక అంకె, డిగ్రీ ఇవ్వడానికి కావాల్సిన కనీస సీజీపీఏ ఇంకో అంకె ఉంటే ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అడిగి లెటర్ రాయించుకోండి.
* జర్మనీలో కొన్ని యూనివర్సిటీలు యూని అసిస్ట్ ఇచ్చే వీపీడీ పత్రం అడుగుతాయి. మార్చిన గ్రేడు అందులోనే ఉంటుంది.
* ఏపీఎస్ సర్టిఫికెట్ వేరు. అది మన పత్రాలు అసలైనవే అని చెప్పేది. దాన్ని గ్రేడు మార్పిడి అనుకోవద్దు.
* గ్రేడు బాగా కనబడాలని పాస్ మార్కు మార్చి రాయొద్దు. ఎవరు చెప్పినా వినొద్దు. పత్రాలతో సరిపోల్చినప్పుడు తేడా దొరికితే అడ్మిషన్ వచ్చాక కూడా పోవచ్చు.

మీరు వేసుకున్న లెక్క ఒక అంచనా మాత్రమే. చివరి మాట అప్లికేషన్ చూసే యూనివర్సిటీదే. అయినా ఫీజు కట్టే ముందు, లోన్‌కి వెళ్లే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే, అర్హత లేని కోర్సుకు డబ్బులు పోగొట్టుకోకుండా ఉండొచ్చు. అర్హత ఉన్న కోర్సును భయపడి వదులుకోకుండా కూడా ఉండొచ్చు.