కాల్షియం ఛానల్ బ్లాకర్లు – ఓపియాయిడ్లు: పరస్పర చర్య

బీపీకి, గుండె నొప్పికి, గుండె లయ తప్పడానికి వాడే కాల్షియం ఛానల్ బ్లాకర్లు (వెరాపమిల్, డిల్టియాజెం, నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ వగైరా) ఓపియాయిడ్ నొప్పి మందులపై ప్రధానంగా రెండు చోట్ల ప్రభావం చూపుతాయి: నాడీకణంలో, కాలేయంలో. పరిశోధన ఎక్కువగా మొదటిదాని చుట్టూ సాగినా, రోగి భద్రతకు రెండోదే కీలకం.

నాడీకణంలో: ఓపియాయిడ్ అయిన మార్ఫిన్ మ్యూ గ్రాహకానికి అతుక్కోగానే జి-ప్రొటీన్ల ద్వారా వెన్నుపాములోని నాడి చివళ్లలో ఎన్-రకం కాల్షియం ఛానళ్లు మందగిస్తాయి. గ్లుటమేట్, సబ్‌స్టన్స్-పి అనే సంకేత రసాయనాల విడుదల తగ్గి నొప్పి సంకేతం బలహీనపడుతుంది. బీపీ మందులు ప్రధానంగా అడ్డుకునేది ఎల్-రకం ఛానళ్లను. అయినా అవి మార్ఫిన్ ఉపశమనాన్ని పెంచినట్లు జంతు ప్రయోగాలు పలుమార్లు చూపాయి.

మనుషుల్లో ఫలితాలు ఏకీభవించవు. మార్ఫిన్ మోతాదు పెంచుకుంటూ పోవాల్సి వచ్చిన క్యాన్సర్ రోగుల్లో ఎల్-రకం బ్లాకర్ నిమోడిపిన్ మేలు చేసిందని 1994 నాటి అధ్యయనం తెలిపింది. చికిత్స తొలి దశలో అలాంటి లాభం లేదని 1996లో మరో బృందం, ఆరోగ్యవంతుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదని 1997లో ఇంకో బృందం నివేదించాయి. మార్ఫిన్‌కు శరీరం అలవాటుపడ్డాకే ఈ ప్రభావం బయటపడుతుందన్న వివరణ సబబుగా తోస్తుంది. అది రుజువైనట్లు మాత్రం కాదు.

బీపీ మందుల్లా కాకుండా ఎన్-రకం ఛానళ్లనే నేరుగా మూసే జికోనోటైడ్ సముద్రపు శంఖు నత్త విషం నమూనాగా తయారైంది. అమెరికాలో 2004లో అనుమతి పొందిన ఈ మందును వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తారు.

కాలేయంలో: ఫెంటానిల్, ఆల్ఫెంటానిల్, ఆక్సికోడోన్‌లను విరగ్గొట్టడంలో సీవైపీ3ఏ4 ఎంజైముది పెద్ద పాత్ర. డిల్టియాజెం, వెరాపమిల్ దాన్ని ఓ మోస్తరుగా అడ్డుకోవడంతో ఓపియాయిడ్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. 1996లో ప్రచురితమైన బైపాస్ రోగుల అధ్యయనంలో డిల్టియాజెం వల్ల ఆల్ఫెంటానిల్ అర్ధాయువు దాదాపు సగం మేర పెరిగింది. శ్వాసగొట్టం తీయడం సుమారు రెండున్నర గంటలు ఆలస్యమైంది. ఆమ్లోడిపిన్‌కు ఈ గుణం స్వల్పం. మార్ఫిన్ ప్రధానంగా వేరే మార్గంలో విరుగుతుంది కనుక దానితో ఈ చిక్కు తక్కువ.

జాగ్రత్తలు: నిఫెడిపిన్‌తో పాటు బీటా బ్లాకర్ కూడా వాడుతున్నవారికి శస్త్రచికిత్సలో అధిక మోతాదు ఫెంటానిల్ ఇచ్చినప్పుడు బీపీ తీవ్రంగా పడిపోయిన సందర్భాలు నమోదయ్యాయి. వెరాపమిల్, ఓపియాయిడ్ రెండూ మలబద్ధకం తెచ్చేవే. అందువల్ల వేసుకుంటున్న బీపీ మాత్ర పేరు మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఓపియాయిడ్ వాడుతుండగా డిల్టియాజెం, వెరాపమిల్ కొత్తగా మొదలుపెడితే మగతను, శ్వాస వేగాన్ని కనిపెట్టి ఉండాలి. వాటిని మానేస్తే ఓపియాయిడ్ ప్రభావం తగ్గి నొప్పి తిరగబెట్టవచ్చు.